ఖతర్ చట్టాన్ని హనుమకొండలో కూర్చుని వెతికిన తీరు: ఒక కార్మికుడి పరిహారం కేసు

క్లయింటుది జగిత్యాల వైపు ఊరు. షట్టరింగ్ కార్పెంటర్. 2017 సెప్టెంబరులో దోహా పోయాడు. 2023 జూలైలో సైటు మీద స్కాఫోల్డింగ్ పైనుంచి పడి కుడి మణికట్టు నుజ్జయింది. ఆపరేషన్లు అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలోనే జరిగాయి. 2024 మార్చిలో కంపెనీ లెక్క ముగించి ఇంటికి పంపింది. ఆ ఏడాది బతుకమ్మ పండుగకు ముందు, హనుమకొండలో ఉండే బావమరిదిని వెంటబెట్టుకుని అదాలత్ దగ్గర నా ఆఫీసుకు వచ్చాడు. అతని అనుమతితోనే రాస్తున్నాను. మనిషిని, కంపెనీని గుర్తుపట్టే వివరాలు వదిలేశాను. గల్ఫ్ కేసులు చూసే జూనియర్లకూ, పారా లీగల్ వాలంటీర్లకూ పనికొస్తుందని కొంచెం వివరంగా రాస్తున్నాను.

"సార్, కంపెనోళ్లు లెక్కజేసి మూడువేల ఏడొందల ఎనభై రియాళ్లు ఇచ్చిండ్రు. ఇగ మాకూ నీకూ ఏం బాకీ లేదని కాగితం మీద సంతకం దీస్కున్నరు" అన్నాడు క్లయింటు.

బావమరిది అందుకున్నాడు. "చెయ్యి వోయినందుకు ఏమన్న వస్తదా వకీల్ సాబ్? రెండేండ్ల దాక టైముంటదని వాట్సాప్‌ల ఒకాయన చెప్పిండు."

ఆ రెండేళ్ల మాట వినగానే ఈ కేసులో ఏది ముందు వెతకాలో తేలిపోయింది. ఎంత వస్తుంది అన్నది తర్వాత. ఎప్పటిదాకా అడగొచ్చు అన్నది ముందు. పరాయి దేశపు చట్టం చేతికి దొరికిన రోజు మొట్టమొదట తెరవాల్సిన పేజీ గడువు పేజీ. అది దాటిపోయి ఉంటే మిగతా ఆర్టికల్స్ అన్నీ చదువుకోవడానికే పనికొస్తాయి.

ఖతర్ చిన్న దేశం. విస్తీర్ణం సుమారు 11,600 చదరపు కిలోమీటర్లు. మన ఉమ్మడి వరంగల్ జిల్లాయే 12,846. అంత చిన్న దేశపు చట్టాల మీద మన బార్ లైబ్రరీలో కామెంటరీ ఉండదు, మనకు అలవాటైన డైజెస్టులూ ఉండవు. ఇంగ్లండ్ చట్టమో సింగపూర్ చట్టమో అయితే ఏదో ఒక పుస్తకం, ఏదో ఒక తీర్పు దొరుకుతుంది. ఖతర్ సివిల్ లా సంప్రదాయంలోని దేశం, అంటే తీర్పులకన్నా రాసిపెట్టిన చట్టానికే అక్కడ ప్రాధాన్యం. అక్కడ మూలం అరబ్బీలోని చట్ట పాఠం, దాన్ని అచ్చు వేసే అధికారిక గెజిట్. తీర్పులు కూడా దాదాపు అన్నీ అరబ్బీలోనే. కాబట్టి ఇంటర్నెట్ తప్ప దారి లేదు. అందులో ఏది నమ్మాలో ఏది వదలాలో తెలియడమే అసలు పని.

గూగుల్‌లో ఖతర్ లేబర్ లా అని కొడితే ముందు వచ్చేవి వీసా కన్సల్టెంట్ల పేజీలు, ఉద్యోగాల సైట్ల వ్యాసాలు, గ్రాట్యుటీ కాలిక్యులేటర్లు. వాటి తర్వాత లా ఫర్మ్‌ల వ్యాసాలు. వీటిలో లా ఫర్మ్‌ల వ్యాసాలను నేను తప్పక చదువుతాను. ఏ చట్టం, ఏ ఆర్టికల్, ఏ సంవత్సరం సవరణ అన్న ఆచూకీ అక్కడ త్వరగా దొరుకుతుంది. ఆచూకీ దొరకగానే ఆ వ్యాసం మూసేస్తాను. ఫైలులో దాని ముక్క కూడా పెట్టను.

ఇంకొకటి కూడా పైకి వస్తుంది, చాలామంది అందులోనే పడతారు. అది ఖతర్ ఫైనాన్షియల్ సెంటర్ వారి ఎంప్లాయ్‌మెంట్ రెగ్యులేషన్స్. చక్కని ఇంగ్లీషు, శుభ్రమైన పీడీఎఫ్, మన కళ్లకు అలవాటైన క్లాజులు. కానీ 2005 నాటి లా నంబర్ 7 కింద ఏర్పడిన ఆ సెంటర్‌లో రిజిస్టరైన సంస్థల ఉద్యోగులకే అవి వర్తిస్తాయి. సైటు మీద చెక్కలు కొట్టే మనిషికి వాటితో సంబంధం లేదు. దుబాయ్‌లో ఇలాంటిదే అయిన ఫైనాన్షియల్ సెంటర్, డీఐఎఫ్‌సీ విషయంలోనూ ఇదే తంటా. ఇంగ్లీషు ఎంత బాగుంటే అంత అనుమానించమని నా జూనియర్లకు చెబుతుంటాను.

అల్ మీజాన్

ఖతర్‌కు ప్రభుత్వమే నడిపే చట్టాల పోర్టల్ ఉంది, పేరు అల్ మీజాన్. చట్టాలు, అమీరీ నిర్ణయాలు, మంత్రుల నిర్ణయాలు, ఒప్పందాలు, కోర్టు తీర్పులు అన్నీ అందులో ఉంటాయి. అరబ్బీ వైపు నిండుగా ఉంటుంది, ఇంగ్లీషు వైపు పలుచగా ఉంటుంది. మన ఇండియా కోడ్ సైటు వాడేవారికి దారి త్వరగానే అలవాటవుతుంది.

ప్రతి చట్టానికీ అందులో ఒక కార్డు ఉంటుంది. చట్టం రకం, నంబరు, తేదీ, ఎన్ని ఆర్టికల్స్, అమలులో ఉందా లేదా, ఏ గెజిట్ సంచికలో ఎప్పుడు వచ్చింది. నేను పాఠం చదవకముందే ఈ కార్డును చదువుతాను, పీడీఎఫ్ తీసి దాచుకుంటాను. అక్కడ అమలులో ఉందన్న మాట కనిపించేదాకా మిగతాది నాకు అనవసరం. ఆ తర్వాత ఈ చట్టాన్ని సవరించిన చట్టాల జాబితా అరబ్బీ పేజీలోనే చూస్తాను. ఇంగ్లీషు అనువాదం సౌకర్యం కోసమే. తేడా వస్తే చెల్లేది అరబ్బీ పాఠం. ఇంగ్లీషు పేజీ పాత రూపంలోనే ఆగిపోయి, అరబ్బీ పేజీలో సవరణ కలిసి ఉండటం మామూలే. బ్రౌజర్‌లో వచ్చే యంత్ర అనువాదం ఈ తేడా పట్టుకోవడానికి సరిపోతుంది. రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి ఆర్టికల్ పొడవులు పోల్చినా చాలు, ఎక్కడ ఏదో మారిందని తెలిసిపోతుంది.

మన కేసుకు మూల చట్టం 2004 నాటి లా నంబర్ 14, అంటే లేబర్ లా. నంబరుతో పాటు సంవత్సరం ఎప్పుడూ చెప్పాలి. అక్కడ నంబర్లు ఏటా ఒకటి నుంచి మొదలవుతాయి. 2014 నాటి లా నంబర్ 14 సైబర్ నేరాల చట్టం. వాట్సాప్ గ్రూపుల్లో "లా 19 ప్రకారం" అని తిరిగే మెసేజీలు చాలాసార్లు 2020 నాటి లా 19 గురించి, అంటే పాత యజమాని ఎన్‌ఓసీ లేకుండా కంపెనీ మారడం గురించి. మనకు కావలసిన లా 19 వేరే ఉంది, దాని సంగతి కింద వస్తుంది. మన దగ్గర కూడా ఎమిగ్రేషన్ చట్టం 1983లో 31వ చట్టం. కానీ మనం పేరుతో పిలుస్తాం కాబట్టి నంబరు గుర్తుండదు. అక్కడ నంబరే పేరు.

ఇంకో చిన్న జాగ్రత్త. ఈ లేబర్ లా అందరికీ వర్తించదు. ఆర్టికల్ 3 కొన్ని వర్గాలను బయట పెడుతుంది. ఇంటి పనివాళ్లకు 2017 నాటి లా నంబర్ 15 వేరుగా ఉంది. మన జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల నుంచి హౌస్ డ్రైవర్లుగా పోయినవాళ్ల కేసులో లేబర్ లా ఆర్టికల్ చూపిస్తే మొదటి మెట్టు మీదే ఆగిపోతాం. మన క్లయింటు కంపెనీ మనిషి కాబట్టి ఇబ్బంది లేదు.

రెండు గడువులు

ఆర్టికల్ 10 ప్రకారం ఉద్యోగ ఒప్పందం వల్ల వచ్చే బాకీలు అడిగే హక్కు ఒప్పందం ముగిసిన నాటినుంచి ఏడాదికి పోతుంది. కార్మికుల దావాలు అత్యవసరంగా విచారించాలనీ, కోర్టు ఫీజు ఉండదనీ చెప్పేది కూడా ఇదే ఆర్టికల్. అయితే ఆ గడువు వాక్యం ఆర్టికల్ 113కు లోబడి ఉంటుందని అందులోనే ఉంది. ఆ కొస పట్టుకుని 113కు పోవాలి. గాయం వల్ల వచ్చిన వైకల్యానికి పరిహారం అడిగే హక్కు, వైకల్యం తేల్చిన చివరి వైద్య నివేదిక తేదీ నుంచి ఏడాదిలో పోతుందని అది చెబుతుంది.

అంటే ఒకే మనిషికి రెండు గడియారాలు. జీతం, గ్రాట్యుటీ లాంటివాటికి 2024 మార్చి నుంచి లెక్క. చేతికి జరిగిన నష్టానికి మాత్రం ఆ నివేదిక ఎప్పటిదైతే అప్పటినుంచి. వాట్సాప్ పెద్దమనిషి చెప్పిన రెండేళ్లు ఎక్కడా లేవు.

"తమ్మీ, ఆసుపత్రి నుంచి చివర్ల ఇచ్చిన కాగితం ఏది?" అని అడిగితే ప్లాస్టిక్ కవరు మొత్తం టేబుల్ మీద గుమ్మరించాడు. అందులో డిశ్చార్జి సమ్మరీలు ఇంగ్లీషులో ఉన్నాయి. ఒక్క షీటు మాత్రం పూర్తిగా అరబ్బీ, కింద గుండ్రటి ముద్ర. ఇంట్లో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. మస్కట్‌లో పనిచేసి వచ్చిన చుట్టం ఒకాయన చూసి "ఇరవై శాతం అని ఉన్నట్టుంది" అన్నాడట.

అరబ్బీ అంకెల్లో అయిదు మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది. వాళ్ల సున్నా ఒక చుక్క మాత్రమే. ఈ సంగతి తెలియక మన కుటుంబాల్లో ఎన్ని తేదీలు, ఎన్ని మొత్తాలు తప్పు చదివారో లెక్క లేదు. వరంగల్ మండీబజార్‌లో అరబ్బీ చెప్పే ఒక ఉస్తాద్ గారి దగ్గరికి ఆ షీటు తీసుకెళ్లాం. ఆయన చట్టం చెప్పలేదు, మేం అడగనూ లేదు. అంకెలు, తేదీలు, ముద్రలో ఉన్న శాఖ పేరు చదివి పెట్టమన్నాం. వైకల్యం 25 శాతం. తేదీ 2024 జనవరి 15. సర్టిఫైడ్ అనువాదం తర్వాత హైదరాబాద్‌లో చేయించాం, అందులోనూ అవే అంకెలు వచ్చాయి.

కాబట్టి వైకల్య పరిహారానికి 2025 జనవరి 15లోగా దోహాలో ఫిర్యాదు నమోదు కావాలి. మేం బతుకమ్మ ముందర ఉన్నాం. దోహా లాయరుకు రాసివ్వాల్సిన పవరాఫ్ అటార్నీ మీద పడాల్సిన ముద్రలను తలుచుకుంటే అది పెద్ద వ్యవధి కాదు.

అంకె లేని ఆర్టికల్

పని వల్ల చనిపోయినవారి వారసులకూ, శాశ్వత వైకల్యం వచ్చినవారికీ పరిహారం ఇవ్వాలని లేబర్ లా ఆర్టికల్ 110 చెబుతుంది. ఎంత అని చూస్తే అక్కడ అంకె ఉండదు. మరణానికి ఇవ్వాల్సిన మొత్తం ఇస్లామిక్ షరియా ప్రకారం లెక్కగట్టాలని మాత్రమే ఉంటుంది. పాక్షిక వైకల్యం అయితే చట్టం చివర ఉన్న పట్టిక ప్రకారం శాతం తేల్చి, ఆ మొత్తంలో అంత శాతం ఇవ్వాలి.

ఇక్కడిదాకా వచ్చి చాలామంది ఆగిపోతారు. షరియా అన్న మాట చూసి, ఇది జడ్జీ ఇష్టం మీద ఉంటుందేమో అనుకుంటారు. కంపెనీల మనుషులు కూడా ఆ మాటనే అడ్డు పెడతారు. కానీ ఆ మొత్తం ఇంకో చట్టంలో అంకెగా రాసే ఉంది. అదే పైన చెప్పిన లా 19, సంవత్సరం 2008. అనుకోకుండా జరిగిన మరణానికి దియా, అంటే ప్రాణనష్టానికి వారసులకు ఇవ్వాల్సిన పరిహారం, రెండు లక్షల ఖతర్ రియాళ్లని అది నిర్ణయించింది. మగ ఆడ తేడా లేదు. ఆర్టికల్ 110ని ఈ చట్టంతో కలిపి చదివితేనే లెక్క పూర్తవుతుంది. రెండు లక్షల్లో 25 శాతం, 50,000 రియాళ్లు. అప్పటి రేటు రియాల్‌కు సుమారు 23 రూపాయలు, పదకొండున్నర లక్షలు. చుట్టం చదివిన ఇరవై శాతమే నిజమైతే పదివేల రియాళ్లు తగ్గేవి.

లేబర్ లా పేజీలో ఎంత వెతికినా 2008 చట్టం పేరు కనిపించదు. రెండింటినీ ముడివేసే లింకు పోర్టల్‌లో లేదు. ఆ ముడి నాకు లా ఫర్మ్ వ్యాసాల్లోనే కనబడింది, ఆ తర్వాత పోర్టల్‌లో నంబరు, సంవత్సరం కొట్టి అసలు పాఠం తీశాను. ఆచూకీ ఎక్కడిదైనా ఫర్వాలేదు, కాగితం మాత్రం ప్రభుత్వానిదే కావాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

తర్వాతి ఆర్టికల్ 111 కంపెనీ చేతిలోని కత్తి. కార్మికుడు కావాలనే గాయం చేసుకున్నా, మత్తులో ఉన్నా, భద్రతా సూచనలను కావాలని ధిక్కరించినా, ఘోరమైన నిర్లక్ష్యం చూపినా పరిహారం రాదు. ఆ కంపెనీ సూపర్‌వైజర్ ఫోన్‌లో ఇదే పాట పాడాడట. "బెల్టు పెట్టుకోలేదు, నీదే తప్పు" అని.

దీనికి జవాబు లేబర్ లాలో దొరకలేదు. మంత్రి నిర్ణయాల్లో దొరికింది. 2021 నాటి మంత్రి నిర్ణయం నంబర్ 17 ప్రకారం జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా, ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 దాకా ఎండలో బయట పని చేయించకూడదు. ప్రమాదం జూలైలో. ఆసుపత్రి చేర్చుకున్న చీటీ మీద సమయం మధ్యాహ్నం 12:40. అసలు ఆ వేళకు అతను స్కాఫోల్డింగ్ మీద ఉండకూడదు. అతన్ని అక్కడ ఉంచినవాళ్లు బెల్టు గురించి పాఠం చెప్పడం బాగుండదు కదా. ఆర్టికల్ 110 కింద పరిహారానికి కంపెనీ తప్పు రుజువు చేయనవసరం లేదు. అయినా 111ను అడ్డుపెట్టే నోరు మూయించడానికి ఈ చీటీ బాగా పనికొచ్చింది.

మంత్రి నిర్ణయాలు వెతకడం చట్టాలు వెతకడంకన్నా కష్టం. శాఖల పేర్లు మారుతుంటాయి. అక్కడ ఇదివరకు పరిపాలనాభివృద్ధి, కార్మిక, సామాజిక వ్యవహారాలు అన్నీ కలిపి ఒకే శాఖ ఉండేది. 2021 అక్టోబరులో కార్మిక శాఖ విడిగా ఏర్పడింది. దాంతో పాత వ్యాసాల్లో ఇచ్చిన లింకుల్లో చాలావాటికి దిక్కులేదు. అలాంటప్పుడు నేను ఐఎల్ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) వారి చట్టాల డేటాబేస్ నాట్‌లెక్స్‌లో వెతుకుతాను. కార్మిక చట్టాల వరకు అది చిన్న దేశాలకు కూడా బాగానే ఉంటుంది. దోహాలో 2018 నుంచి ఐఎల్ఓ కార్యాలయం ఉండటం వల్ల ఖతర్ సంస్కరణల కాగితాలు ఇంగ్లీషులో కొంచెం ఎక్కువే దొరుకుతాయి.

చిన్న బాకీలు

గ్రాట్యుటీ ఆర్టికల్ 54లో ఉంది. ఏడాది దాటిన ప్రతి కార్మికుడికీ సంవత్సరానికి కనీసం మూడు వారాల బేసిక్, చివరి బేసిక్ మీద లెక్క, మిగిలిన నెలలకు కూడా ఆ వంతున. కంపెనీ 2017 కాంట్రాక్టులోని 900 బేసిక్ పట్టుకుని, ఆరేళ్లకు 3,780 కట్టింది. మీద ఉన్న ఆరు నెలలు మింగేసింది. అంతకన్నా ముఖ్యంగా, 2020 నాటి లా నంబర్ 17 కింద 2021 మార్చి 20 నుంచి ఖతర్‌లో కనీస బేసిక్ 1,000 రియాళ్లు. తిండి, వసతి కంపెనీ ఇవ్వకపోతే మీద 300, 500. కాంట్రాక్టులో 900 ఉన్నా ఆ తేదీ తర్వాత అది 1,000 కిందే లెక్క. ఆరున్నరేళ్లకు 4,550. తేడా 770. పెద్ద మొత్తం కాదు, కానీ కంపెనీ లెక్కే తప్పని చూపే కాగితం అది.

గాయం తర్వాతి జీతం ఆర్టికల్ 109లో ఉంది. చికిత్స సాగినంతకాలం లేదా ఆరు నెలలు, ఏది ముందైతే అంతదాకా పూర్తి జీతం. ఆ పైన కోలుకునేదాకానో వైకల్యం తేలేదాకానో సగం జీతం. రెండు నెలలే ఇచ్చారని క్లయింటు చెప్పాడు కాబట్టి మిగతా నాలుగు నెలలు అడిగాం.

ఇక ఆ సంతకం. కుటుంబం మొత్తం భయపడింది దానికే. "సంతకం పెట్టినంక ఇగ ఏమొస్తది సార్" అని అతని భార్య మొదటిసారి ఫోన్‌లో ఏడ్చింది. "అమ్మా, ఆ దేశపు చట్టమే ఆ సంతకాన్ని ఒప్పుకోదు" అని చెప్పాను. ఆర్టికల్ 4 ప్రకారం చట్టం ఇచ్చిన హక్కులు కనీస హక్కులు. వాటిని వదులుకుంటూ చేసిన రాజీ గాని, విడుదల కాగితం గాని చెల్లదు. నా మట్టుకు నాకు మొత్తం లేబర్ లాలో మన కార్మికులకు ఎక్కువగా పనికొచ్చే ఆర్టికల్ ఇదే. దీన్ని తెలుగులోకి మార్చి ఒక పేజీ ప్రింటు తీసి ఇచ్చాను. ఊళ్లో నలుగురికీ చూపించారట.

ఫైలు కట్టడం

ఈ కేసు మన కోర్టుకు రాలేదు. అయినా ఎప్పుడైనా రావచ్చన్నట్టే ఫైలు కట్టాను. పంపిన సబ్ ఏజెంటు మీద ఇక్కడ దావా వేయాల్సి వస్తే ఖతర్ చట్టం ఏం చెబుతుందో రుజువు చేయాలి. మన కోర్టులకు విదేశీ చట్టం ఒక వాస్తవం లాంటిది. జడ్జీకి తెలిసే ఉంటుందని అనుకోకూడదు.

2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 32 ఇక్కడ పనికొస్తుంది. ఏదైనా దేశపు చట్టం గురించి, ఆ దేశ ప్రభుత్వ అధికారంతో ప్రచురించిన పుస్తకంలో ఉన్నది కోర్టు చూడవచ్చు. ఎలక్ట్రానిక్, డిజిటల్ రూపంలో ఉన్నా సరే. పాత ఎవిడెన్స్ యాక్ట్ 38లో ఈ డిజిటల్ మాట లేదు. ప్రభుత్వ పోర్టల్‌కూ లా ఫర్మ్ వ్యాసానికీ తేడా ఈ ఒక్క సెక్షన్‌తో స్పష్టమవుతుంది. నిపుణుడి అభిప్రాయం కావాలంటే సెక్షన్ 39. పోర్టల్ పేజీల ప్రింట్లకు సెక్షన్ 63 సర్టిఫికెట్ జతపరచాలి, దాని నమూనాలో ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే, దానికి వేలిముద్ర లాంటి సంకేతం) కూడా అడుగుతారు. అందుకే పేజీ తెరిచినప్పుడే అడ్రస్, తేదీ కనపడేలా పీడీఎఫ్ తీసి హాష్ రాసి పెట్టుకుంటాం. తర్వాత పోర్టల్ రూపం మారినా మన కాగితం నిలబడుతుంది.

అరబ్బీ పాఠం, ఇంగ్లీషు అనువాదం, తెలుగులో నా నోట్ మూడూ ఒకే క్రమంలో పెట్టాం. తెలుగు నోట్ క్లయింటు కోసం. తన కేసు తనకు అర్థం కాకుండా దూరదేశంలో ఎవరికో అధికారం రాసివ్వమంటే ఎవరైనా జంకుతారు.

పవరాఫ్ అటార్నీ దోహాలోని ఒక లాయరు పేరు మీద రాయించాం. ఖతర్ హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో లేదు. అపోస్టిల్ అంటే సభ్య దేశాలన్నీ ఒప్పుకునే ఒకే ధ్రువీకరణ ముద్ర. ఒమన్, బహ్రెయిన్ ఉన్నాయి కాబట్టి ఆ దేశాలకు ఒక్క అపోస్టిల్‌తో పని అయిపోతుంది. ఖతర్‌కు అలా కుదరదు. నోటరీ, హైదరాబాద్‌లో రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, విదేశాంగ శాఖ ముద్ర, ఢిల్లీలో ఖతర్ ఎంబసీ ముద్ర, చివరికి దోహాలో వాళ్ల విదేశాంగ శాఖ ముద్ర, అరబ్బీ అనువాదం. వరస తప్పితే మళ్లీ మొదటికి. ఇది నడుస్తుండగానే, విదేశాల్లోని భారతీయుల ఫిర్యాదుల కోసం మన విదేశాంగ శాఖ నడిపే మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టించాం, ఆ నంబరుతో దోహాలోని మన ఎంబసీకి ఇంగ్లీషు నోట్ వెళ్లింది. మదద్ ఫిర్యాదు ఖతర్ చట్టం కింద గడువును ఆపదు. ఇది క్లయింట్లకు గట్టిగా చెప్పాలి. మదద్‌లో పెట్టాం కదా అని ఏడాది గడిపేసినవాళ్లను చూశాను.

దోహాలో ఫిర్యాదు డిసెంబరులో కార్మిక శాఖలో నమోదైంది. అక్కడ దారి ఇలా ఉంటుంది: ముందు శాఖ రాజీకి పిలుస్తుంది, దానికి వారం గడువు. కుదరకపోతే 2017 నాటి లా నంబర్ 13 కింద ఏర్పడిన కార్మిక వివాదాల పరిష్కార కమిటీకి పోతుంది. జడ్జీ అధ్యక్షతన ఉండే ఆ కమిటీ మూడు వారాల్లో తేల్చాలని చట్టం. గెలిచాక కంపెనీ దివాలా తీస్తే 2018 నాటి లా నంబర్ 17 కింద పెట్టిన కార్మికుల సహాయ, బీమా నిధి ఉంది. మనకు ఆ అవసరం రాలేదు.

రాజీలో కంపెనీ ఒప్పుకోలేదు, కమిటీకి పోయింది. 50,000 మీద పెద్ద వాదన జరగలేదు. శాతం వాళ్ల దేశపు వైద్యులదే, మొత్తం వాళ్ల చట్టానిదే. 111 కింద బెల్టు మాట ఎత్తారు. ఆసుపత్రి చీటీ సమయం చూపగానే దించారు. గ్రాట్యుటీ తేడా 770 ఒప్పుకున్నారు.

జీతం దగ్గర మాత్రం లెక్క మారింది. 2015 నాటి లా నంబర్ 1 వచ్చినప్పటినుంచి జీతాలు బ్యాంకు ద్వారానే వేయాలి, రికార్డు ప్రభుత్వం దగ్గర ఉంటుంది. నాలుగు నెలల్లో రెండు నెలల జీతం అతని దోహా ఖాతాలో పడినట్టు కంపెనీ ఆ రికార్డు చూపింది. సిమ్ పోయి మెసేజీలు రాక, కార్డు గడువు తీరి ఏటీఎం పనిచేయక అతనికి ఆ సంగతే తెలియదు. కాబట్టి రెండు నెలలకే ఆర్డరు వచ్చింది. ఖాతాలో చిక్కుకున్న డబ్బును బయటికి తీయడానికి అదే పవరాఫ్ అటార్నీ చాలలేదు, బ్యాంకు తన నమూనాలో వేరేది అడిగింది. మళ్లీ ఆ ముద్రలన్నీ.

ఇదే పద్ధతి పక్క దేశాలకూ పనికొస్తుంది, తలుపులే వేరు. బహ్రెయిన్‌కు ఆ దేశపు లెజిస్లేషన్ అండ్ లీగల్ ఒపీనియన్ కమిషన్ సైటు. ప్రైవేటు రంగ కార్మిక చట్టం 2012లో 36వది. ఒమన్‌కు ఖానూన్ అనే అరబ్బీ సైటు, డిక్రీ అనే ఇంగ్లీషు సైటు చాలా శుభ్రంగా ఉంటాయి. అవి ప్రభుత్వానివి కావు కాబట్టి నేను చదవడానికే వాడతాను. ఒమన్ కేసుల్లో ముందు చూడాల్సింది ఏ చట్టం అన్నదే. 2003 నాటి 35వ రాయల్ డిక్రీ పోయి 2023లో 53వది వచ్చింది. పాతదాన్నే చూపే పేజీలు ఇంకా బోలెడున్నాయి. యూఏఈలో కూడా 1980 నాటి లా 8 స్థానంలో 2021 నాటి 33వ ఫెడరల్ డిక్రీ లా ఉంది. కువైట్‌ది 2010 నాటి లా 6. ఏ దేశమైనా మొదట దారి తెలియకపోతే న్యూయార్క్ యూనివర్సిటీ వారి గ్లోబలెక్స్‌లో ఆ దేశపు పరిశోధన గైడ్ చదువుతాను. గెజిట్ పేరేమిటి, కోర్టులెన్ని, చట్టాలకు నంబర్లు ఎలా పెడతారు అన్నవి అక్కడ తెలుస్తాయి.

మన క్లయింటు కేసులో ఒక్కటి మాత్రం రాలేదు. ప్రవాసీ భారతీయ బీమా యోజన. ఈసీఆర్ పాస్‌పోర్ట్ (ఉద్యోగానికి పోయేముందు ఎమిగ్రేషన్ అనుమతి అవసరమైనది) మీద పోయినవాళ్లకు ఇది తప్పనిసరి. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యంతో ఉద్యోగం పోయినా పది లక్షలు. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, మూడేళ్లకు 375. అతని పాలసీ 2017లో పోయేటప్పుడు ఏజెంటు తీసింది. ప్రమాదం నాటికి ఎప్పుడో ముగిసింది. ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేసుకోవచ్చని అతనికి ఎవరూ చెప్పలేదు. ఖతర్ చట్టం ఎంత వెతికినా దానికి దారి లేదు కాబట్టి ఆ క్లెయిమ్ వేయలేదు.